బాలింత ఒళ్లు ఎలా తగ్గాలి: కాన్పు నుంచి బిడ్డ మొదటి పుట్టినరోజు దాకా

మా బాబుకి అయిదో నెల రాగానే అమ్మ సారె పెట్టి నన్ను హైదరాబాదు పంపింది. ఆ వారం బాబు బరువు చూపిద్దామని ఆసుపత్రికి వెళ్లి, పక్కనే ఉన్న పెద్ద కాటా నేనూ ఎక్కాను. 66 కిలోలు. ఆపరేషనయి ఇంటికొచ్చిన రోజు 65. కడుపుతో కాకముందు 56. అయిదు నెలలు రాత్రీ పగలూ పాలిచ్చి కూడా నేను ఒక కిలో పెరిగాను.

ఆ రాత్రే అన్నం మానేశాను. పొద్దున టిఫిను బదులు వేణ్నీళ్లలో తేనె, నిమ్మరసం. మూడు వారాల్లో నాలుగు కిలోలు దిగాను, సంబరపడ్డాను కూడా. తర్వాతి నెల పిల్లల డాక్టరు బాబు బరువు రాసే కార్డులో చుక్క పెట్టి, ముందు నెల చుక్కతో గీత కలిపి నావైపు తిప్పారు. పైకి లేవాల్సిన గీత పడుకుని ఉంది. ఆవిడ బాబు గురించి ఏమీ అడగలేదు. "మీరేం తింటున్నారమ్మా?" అన్నారు.

దిగిన నాలుగు కిలోలూ నెల తిరక్కుండా మళ్లీ ఎక్కాయి. ఆ తర్వాత నెమ్మదిగా, పాలు తగ్గకుండా, బాబుకి పద్నాలుగో నెల వచ్చేసరికి 58కి వచ్చాను. ఆ దారే ఇక్కడ వరసగా రాస్తున్నాను. ముందు ఒళ్లు కుదుటపడాలి. తర్వాత కంచం మారాలి. తర్వాత కాలు కదలాలి. తిండి తగ్గించడం అన్నిటికన్నా చివర, అదీ కొంచెమే. పాలిచ్చే తల్లి ఈ వరస తిరగేస్తే నష్టం ఇద్దరికీ.

1. ఆ బరువు దేనిదో ముందు తెలుసుకోండి

కడుపుతో ఉన్నప్పుడు పెరిగిన పది, పన్నెండు కిలోల్లో బిడ్డ మూడు కిలోల దాకా, మాయ అర కిలో పైన, ఉమ్మనీరు ముప్పావు కిలో. ఇవి కాన్పు రోజునే పోతాయి. ఒంట్లో నిలిచిన నీరు తర్వాతి ఒకటి రెండు వారాల్లో చెమటగా, మూత్రంగా పోతుంది. ఆ రోజుల్లో అర్ధరాత్రి జాకెట్టు తడిసిపోయేంత చెమట పడితే కంగారు పడక్కర్లేదు, జ్వరం లేకపోతే చాలు. కాన్పు రోజున దాదాపు కిలో బరువున్న గర్భసంచి ఆరు వారాల్లో 60, 70 గ్రాములకి ముడుచుకుంటుంది. అందాకా పొట్ట ఎత్తుగానే కనిపిస్తుంది. అది కొవ్వని ఏడవకండి.

ఇవన్నీ పోగా మిగిలింది కొవ్వు. అందులో కొంత పాల కోసం శరీరం ముందుచూపుతో దాచుకున్నది. దాన్ని దించే వేగానికి ఒక హద్దుంది: వారానికి అర కిలో మించకూడదు. నెలకి ఒక కిలో తగ్గినా సరైన దారిలో ఉన్నట్టే. ఎక్కడానికి తొమ్మిది నెలలు పట్టింది, దిగడానికి తొమ్మిది నుంచి పన్నెండు నెలలు ఇవ్వండి.

కాటా ఒక్కదాన్నే నమ్ముకోకండి. పూలు కట్టే దారం రెండు మూరలు తీసుకుని, బొడ్డు మీదుగా నడుం చుట్టూ తిప్పి, రెండు కొసలూ కలిసిన చోట ముడి వేయండి. రెండు మూరలు చాలకపోతే రెండున్నర. నెలకోసారి, పొద్దున్నే, పరగడుపున, అదే దారం. నాకు బరువు కదలని నెలల్లో కూడా కొత్త ముడి పాత ముడికి వేలెడు లోపల పడింది. కండ పెరిగి కొవ్వు తగ్గితే కాటాకి తెలియదు.

2. మొదటి ఆరు వారాలు: తగ్గే ఆలోచనే వద్దు

ఈ నలభై రోజులూ పచ్చి ఒళ్లు. లోపల మాయ ఊడిన చోట పుండు మానుతోంది, ఆపరేషనయితే పొట్ట పొరలు అతుక్కుంటున్నాయి, పాలు కుదురుతున్నాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు సిజేరియన్లే. అంటే మనలో సగం మంది పెద్ద ఆపరేషన్ నుంచి కోలుకుంటూ బిడ్డని పెంచుతున్నవాళ్లం. ఈ సమయంలో కడుపు మాడ్చుకుంటే ముందు దెబ్బతినేది గాయం మానడమే.

ఇక పథ్యం. నేను పథ్యాన్ని తీసిపారేసేదాన్ని కాదు. శొంఠి పొడి, వెల్లుల్లి కారం, మిరియాల చారు, మునగాకు, మెంతికూర, పచ్చి బొప్పాయి కూర, బీరకాయ, పొట్లకాయ తేలిగ్గా అరిగే మంచి తిండి. కాయం, అంటే బాలింతకి పెట్టే మందు లేహ్యం, ఉసిరికాయంత పెడితే పొద్దున్నే ఒంటికి వెచ్చగా, హాయిగా ఉంటుంది. ఇవి ఉంచుకోండి.

వదిలేయాల్సినవి మూడు. ఒకటి, నీళ్లు ఇవ్వకపోవడం. "నీళ్లు తాగితే పొట్ట ఊరుతుంది" అని రోజుకి రెండు గ్లాసులు కొలిచి ఇచ్చే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలు పూర్తిగా కుదిరాక తల్లి రోజుకి ముప్పావు లీటరు దాకా పాలిస్తుంది. ఆ నీరంతా ఆమె ఒంట్లోంచే పోతుంది. నీళ్లు తక్కువైతే మలబద్ధకం, మూత్రంలో మంట, తలనొప్పి. పొట్ట మాత్రం దానివల్ల తగ్గదు. పాలిచ్చే ప్రతిసారీ పక్కన చెంబు పెట్టుకుని, దాహమైనంత తాగండి. రెండు, పప్పూ పెరుగూ పండ్లూ మానిపించి ఉత్త కారప్పొడి అన్నం పెట్టడం. బిడ్డకి జలుబు చేస్తుందని భయపడతారు కానీ తల్లి తిన్న పెరుగు వల్ల బిడ్డకి జలుబు రాదు. మూడు, నెయ్యి లెక్క.

ఈ నెయ్యి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మా అమ్మ వేడన్నం మధ్యలో గుంట చేసి, గుంటగరిటెతో నెయ్యి పోసేది. గుంట నిండి అంచు మీదుగా కారేదాకా పోసేది. "పచ్చి బాలింతవి, నడుం గట్టిపడాలి, ఇంకొక్క ముద్ద తినవే" అనేది. ఒకరోజు ఊరికే ఆ గరిటెడు నెయ్యి టీ చెంచాతో కొలిచాను. అయిదు చెంచాలు. చెంచా నెయ్యికి 45 కేలరీలు, అంటే గరిటెకి 225. రెండు పూటలా 450. దాని మీద, చూడ్డానికి వచ్చినవాళ్లు తెచ్చిన సున్నుండలు, ఒక్కోటి 150 పైనే. అమ్మ ప్రేమని కొలిచానని కాదు, నా ఒళ్లు ఎందుకు తగ్గలేదో అప్పుడు అర్థమైంది. రోజు మొత్తానికి మూడు టీ చెంచాల నెయ్యి బాలింతకి చాలు. సున్నుండ రోజుకి ఒకటి, అన్నం తర్వాత కాదు, సాయంత్రం ఆకలేసినప్పుడు. అమ్మతో ఇది గొడవగా మారనివ్వకండి. "గరిటె వద్దమ్మా, ఈ చెంచాతో మూడు వెయ్యి" అని చెంచా ఆమె చేతికే ఇవ్వండి. నాకు పనిచేసింది అదే.

నడికట్టు గురించి చాలామంది అడుగుతారు. పాత నూలు చీర చుట్టినా, మందుల షాపులో బెల్టు కొన్నా, అది నడుముకి ఆసరా ఇస్తుంది, ఆపరేషనైనవాళ్లకి లేచి కూర్చునేటప్పుడు నొప్పి తగ్గిస్తుంది. కొవ్వు కరిగించదు. ఊపిరాడనంత బిగిస్తే ఒత్తిడంతా కింది కండరాల మీద పడుతుంది. వదులుగా, కొన్ని గంటలే కట్టుకోండి, పడుకునేటప్పుడు తీసేయండి.

ఈ ఆరు వారాల్లో చేయదగ్గ వ్యాయామం మూడే. ఇంట్లో నడక: రెండో రోజు నుంచే, వరండా చివరిదాకా వెళ్లి రావడం, రోజుకి కొన్ని నిమిషాలు పెంచుతూ. మంచాన పడి ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి ఇది విశ్రాంతిలో భాగమే. పొట్టతో ఊపిరి: వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, గాలి లోపలికి పీలుస్తూ పొట్ట పైకి, వదులుతూ బొడ్డు నెమ్మదిగా లోపలికి. మూడోది కీగెల్: మూత్రం మధ్యలో ఆపుకునేటప్పుడు ఏ కండరాలు బిగుస్తాయో వాటిని బిగించి అయిదు లెక్కపెట్టి వదలాలి, పదిసార్లు, రోజుకి మూడు పూటలు. వారాలు గడిచేకొద్దీ పది లెక్క దాకా. అయితే నిజంగా మూత్రం పోసేటప్పుడు దీన్ని సాధన చేయకూడదు. తుమ్మితే, నవ్వితే చుక్క పడుతోందని సిగ్గుపడి ఎవరికీ చెప్పుకోని ఆడవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. ఇది మొదటి వారం నుంచే చేస్తే చాలామందికి ఆ బాధ తగ్గుతుంది. ఆపరేషనైనవాళ్లు ఆరు వారాలూ బిడ్డకన్నా బరువైనదేదీ ఎత్తకూడదు. బకెట్ నీళ్లు కూడా.

గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, దుర్వాసన, జ్వరం, ఒక్క పిక్కలో మాత్రమే వాపూ నొప్పీ, ఆయాసం, ఛాతీలో నొప్పి, కళ్లు మసకబారే తలనొప్పి, మూర్ఛ... వీటిలో ఏది కనిపించినా పథ్యమూ వద్దు, వ్యాయామమూ వద్దు, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి.

3. ఆరో వారం చెకప్ మానకండి

బిడ్డకి ఆరో వారం టీకా వేయిస్తారు, తల్లిని చూపించుకోవడం మర్చిపోతారు. రెండూ ఒకే రోజు పెట్టుకోండి. బీపీ, కుట్లు, హిమోగ్లోబిన్ చూపించుకోండి. గర్భంలో షుగరు వచ్చినవాళ్లు 6 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ తాగి చేసే పరీక్ష తప్పక చేయించుకోవాలి. కాన్పుతో షుగరు పోయిందని వదిలేస్తారు. అది కొన్నేళ్ల తర్వాత తిరిగొచ్చే అవకాశం వాళ్లకి బాగా ఎక్కువ.

రక్తం తక్కువగా ఉంటే నడవడానికే ఓపిక ఉండదు, ఇక వ్యాయామం ఎక్కడ? అదే 2019–21 సర్వేలో రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది. కాన్పు తర్వాత ఆరు నెలలు, 180 రోజులు, ఐరన్ ఫోలిక్ ఆసిడ్ మాత్ర రోజుకొకటి వేసుకోవాలి. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు. టీ, కాఫీ తాగిన గంటలోపు వేసుకోకండి, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకండి. నిమ్మరసంతోనో జామకాయతోనో అయితే ఒంటికి బాగా పడుతుంది.

కాన్పయిన కొన్ని నెలలకి థైరాయిడ్ తేడా చేయడం కూడా ఉంది. మొదట దడ, బరువు తగ్గడం, ఆ తర్వాత నీరసం, మలబద్ధకం, ఎంత చేసినా బరువు దిగకపోవడం. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య ఇలా అనిపిస్తే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకోండి.

గర్భనిరోధం గురించి ఇదే రోజు మాట్లాడండి. మూడు నెలలకోసారి వేసే ఇంజెక్షన్ వల్ల కొందరికి బరువు పెరుగుతుంది, గర్భసంచిలో పెట్టే కాపర్ టీలో హార్మోన్ ఉండదు. ఏది మీకు సరిపోతుందో డాక్టరుతో తేల్చుకోండి.

4. కంచం మార్చడం

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అది ఏ భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కిందిదో ఆ మండలి కలిసి 2020లో ఇచ్చిన లెక్క ఇది. కూర్చుని పనిచేసే స్త్రీకి రోజుకి 1660 కేలరీలు. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ దానిమీద 600, తర్వాతి ఆరు నెలలు 520. అంటే మొదటి ఆరు నెలల్లో మొత్తం 2260. బరువు తగ్గాలనుకునే తల్లి ఇందులోంచి మూడు, నాలుగు వందలు తగ్గిస్తే చాలు, మిగతాది ఒంట్లో నిల్వ నుంచి పోతుంది. 1800 కిందికి మాత్రం దిగొద్దు. నేను చేసిన తప్పు అదే. నా నిమ్మరసం రోజుల్లో 1000 కూడా తిని ఉండను.

కేలరీలు రోజూ ఎవరు లెక్కపెడతారు? నాకు పనికొచ్చింది "ఆర్ల లెక్క". పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలు రోజుకి దాదాపు 63 గ్రాముల మాంసకృత్తులు కావాలి. అన్నం, రొట్టెల నుంచి ఎలాగూ ఇరవై దాకా వస్తాయి. మిగతా నలభై చిల్లర ఇలా పోగేయాలి: గుడ్డుకి ఆరు. గ్లాసుడు పాలకో పెరుగుకో ఆరు. చిన్న గుప్పెడు కందిపప్పు వండితే ఆరు. గుప్పెడు వేరుశనగ గుళ్లకి ఆరో ఏడో. అరచేతి మందం చేప ముక్కలు రెండైతే ఒక్కసారే మూడు ఆర్లు. రోజుకి ఏడు ఆర్లు అయ్యాయా లేదా, పడుకునే ముందు వేళ్ల మీద చూసుకునేదాన్ని. ఏడూ అయిన రోజు రాత్రి బిస్కెట్ల మీదికి మనసు పోయేది కాదు. ఇది అందరూ గమనించాల్సిన సంగతి. మన బాలింతలు తినేది తక్కువై కాదు, అందులో పప్పూ గుడ్డూ తక్కువై, కడుపు నిండినా ఆకలి తీరక తింటూనే ఉంటారు.

నా రోజు ఇలా ఉండేది. పొద్దున గ్లాసు పాలు, చక్కెర లేకుండా. ఆ పాలలో కలిపే బలం పొడులు ఆపేశాను, వాటిలో చక్కెర ఎక్కువ. ఎనిమిదింటికి రెండు పెసరట్లు, అల్లం పచ్చడి, లేదంటే మూడు ఇడ్లీలు గిన్నెడు సాంబారుతో, ఒక ఉడికించిన గుడ్డు. పదకొండింటికి మజ్జిగ, గుప్పెడు వేయించిన శనగలు. మధ్యాహ్నం కంచంలో ముందు కూర వడ్డించుకోవాలి. సగం కంచం కూరలు, ఆకుకూర పప్పు పెద్ద గిన్నె, మిగిలిన చోటే అన్నం. అన్నం మానక్కర్లేదు. వడ్డించే వరస మారితే అన్నం దానంతటదే సగమవుతుంది. పెరుగు తప్పదు. సాయంత్రం అలసందల గుగ్గిళ్లో, జామకాయో, వారానికి రెండ్రోజులు సున్నుండో. రాత్రి ఏడున్నరకి రెండు జొన్నరొట్టెలు, పాలకూర పప్పో గుడ్డు కూరో. తెలంగాణ ఇళ్లలో జొన్నరొట్టె అలవాటే కాబట్టి తేలిక, మా గోదావరి వైపు వాళ్లకి అన్నమే కుదిరితే చిన్న గిన్నెడు అన్నమే తినండి. నెలకి మనిషికి అర లీటరు నూనె దాటకుండా చూసుకుంటే వేపుళ్ల సంగతి దానంతటదే సర్దుకుంటుంది.

కోస్తాలో పాలు పడతాయని సొరపిట్టు పెడతారు. సొర పెద్ద చేప, చిన్న చేపల్ని తిని పెరిగేది కాబట్టి దాని ఒంట్లో పాదరసం పోగుపడుతుంది, పాల ద్వారా బిడ్డకీ చేరుతుంది. దాని బదులు నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, లేదా చెరువు చేప బొచ్చె, రాగండి తినండి. వారానికి రెండు మూడుసార్లు. పిట్టు చేసే మసాలాతోనే నెత్తళ్లు వండిచూడండి, రుచిలో లోటుండదు.

పాలు పడటానికి ఎన్ని తిన్నా అసలు కారణం ఒకటే: బిడ్డ ఎన్నిసార్లు చీకితే అన్ని పాలు. కాబట్టి పాల పేరుతో లడ్డూల మీద లడ్డూలు తినే అవసరం లేదు. పాలు చాలుతున్నాయా అన్నదానికి రోజుకి ఆరు, అంతకన్నా ఎక్కువసార్లు బిడ్డ మూత్రం పోయడం, నెలనెలా బరువు పెరగడం గుర్తులు. తిండి మార్చిన నెలలో బిడ్డ కార్డులో గీత తప్పకుండా చూడండి. గీత పడుకుంటే వెంటనే మీ కంచం పెంచండి, డాక్టరుకి చూపించండి. అంగన్‌వాడీకి వెళ్లగలిగినవాళ్లు వెళ్లండి. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద బాలింతకి ఒక పూట పూర్తి భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు అక్కడే పెడతారు. ఆ ఒక్క పూటలోనే మూడు ఆర్లయినా వస్తాయి.

5. రాత్రి రెండింటికి

దీని గురించి ఎవరూ మాట్లాడరు. రాత్రి రెండింటికి బిడ్డ లేస్తాడు, పాలిస్తుంటే కడుపులో పేగులు అరుస్తాయి, చెయ్యి మంచం పక్కనున్న బిస్కెట్ ప్యాకెట్ మీదికి పోతుంది. చీకట్లో, నిద్రమత్తులో, ఎన్ని తిన్నామో తెలియదు. పొద్దున చూస్తే ప్యాకెట్ ఖాళీ. ఆ ఆకలి నిజమైన ఆకలి, దాన్ని తిట్టుకోకండి. పడుకునే ముందు మూత ఉన్న చిన్న డబ్బాలో వేయించిన వేరుశనగలో, వేయించిన అటుకులో, ఒక అరటిపండో పెట్టి మంచం దగ్గర ఉంచండి. ప్యాకెట్ గదిలోనే ఉండకూడదు.

నిద్ర లేకపోతే ఆకలి పెరుగుతుంది, తీపి మీదికి మనసు పోతుంది. 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, బిడ్డకి ఆరు నెలలప్పుడు రోజుకి అయిదు గంటలు, అంతకన్నా తక్కువ నిద్రపోయిన తల్లులకి ఏడాదికి కూడా అయిదు కిలోలకు పైగా మిగిలిపోయే అవకాశం బాగా ఎక్కువగా కనిపించింది. అంటే నిద్ర కూడా బరువు లెక్కలోదే, అది తల్లి ఒక్కదాని చేతిలో ఉండదు. మా ఇంట్లో రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా బాబు మా ఆయన చేతిలో. మధ్యలో ఏడిస్తే నా దగ్గరికి తెచ్చి, పాలు తాగాక తేన్పు తెప్పించి, గుడ్డలు మార్చి, పడుకోబెట్టే పని ఆయనదే. అత్తయ్య పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఎత్తుకునేవారు. నేను నడకకి వెళ్లగలిగింది ఆ రెండు గంటల వల్లే. తగ్గమని చెప్పే ఇల్లు బిడ్డని కాసేపు ఎత్తుకోవాలి కూడా. ఈ మాట ఇంట్లో గట్టిగానే అడగండి.

కాన్పయిన మొదటి రెండు వారాలూ ఊరికే ఏడుపు రావడం మామూలే. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, చచ్చిపోవాలనిపిస్తే, అది జబ్బు, దానికి వైద్యం ఉంది. 14416 టెలీ మానస్, మనసు బాధలకి ప్రభుత్వం పెట్టిన ఫోన్ నంబరు, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. అప్పటికి బరువు సంగతి పూర్తిగా పక్కన పెట్టేయండి.

6. ఒళ్లు కదిలించడం

ఆరు వారాల తర్వాత, ఆపరేషనైతే డాక్టరు సరేనన్నాక, వ్యాయామం మొదలు. దానికి ముందు ఒక పరీక్ష మీరే చేసుకోండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, బొడ్డుకి పైన వేళ్లు అడ్డంగా ఆనించి, తల కొంచెం ఎత్తండి. రెండు పక్కలా కండరాలు బిగుస్తాయి, మధ్యలో మెత్తగా పల్లం తగులుతుంది. ఆ పల్లంలో రెండు వేళ్లు పడితే పర్లేదు. మూడు, నాలుగు పడితే పొట్ట కండరాలు ఎడంగా జరిగాయన్నమాట, దాన్నే డయాస్టాసిస్ అంటారు. బరువు తగ్గినా పొట్ట ముందుకే ఉండటానికి ఇదొక కారణం. ఎనిమిది వారాలు దాటినా అలాగే ఉంటే ఫిజియోథెరపిస్టుకి చూపించుకోవాలి.

నాకు మూడున్నర వేళ్లు పట్టేది. అది తెలియక ఒక జిమ్ములో చేరాను. అక్కడ మొదటి రోజే వంద క్రంచులు చేయించారు, వారానికి బొడ్డు పైన కోడిగుడ్డంత ఉబ్బు లేచింది. క్రంచుల్లా పడుకుని నడుం పైకి లేపే వ్యాయామాలు, బోర్లా మోచేతుల మీద ఒంటిని బల్లలా నిలిపే ప్లాంకులు, కపాలభాతి ఈ ఎడం పూడేదాకా వద్దు. మంచం మీంచి లేచేటప్పుడు కూడా పక్కకి తిరిగి, చెయ్యి ఆనించి లేవండి.

మొదటి నెల వరస: పొట్టతో ఊపిరి, కీగెల్, పడుకుని ఒక్కో మడమ నేల మీద జార్చడం, మోకాళ్లు మడిచి పిరుదులు పైకెత్తి దించడం. తర్వాత గోడకి చేతులానించి దండాలు, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, పదేసి చొప్పున. బిడ్డ నిద్రపోయే పదిహేను నిమిషాలు చాలు. నడక మొదటి వారం పది నిమిషాలు, వారం వారం అయిదు పెంచుతూ అరగంట దాకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లక్ష్యం వారానికి 150 నిమిషాలు. ఎండాకాలం మన ఊళ్లలో ఏడు దాటితే బయటికి పోలేం. డాబా మీదో, అపార్ట్‌మెంట్ కారిడార్లోనో నడవండి. పరుగు, గెంతులు మూడు నెలల ముందు వద్దు, తర్వాత కూడా మూత్రం చుక్క పడుతుంటే వద్దు.

వ్యాయామానికి ముందు పాలిచ్చేస్తే రొమ్ములు తేలిగ్గా ఉంటాయి. చెమట పట్టాక పాలు చెడిపోతాయన్న మాటలో నిజం లేదు. వ్యాయామం చేసిన రోజు రక్తస్రావం మళ్లీ ఎర్రగా మొదలైతే ఎక్కువ చేశారని అర్థం, రెండ్రోజులు ఆగండి.

7. వీటి జోలికి వెళ్లకండి

కొన్నేళ్ల కింద మన రెండు రాష్ట్రాల్లోనూ అన్నం మానేసి నూనె, కొవ్వు తాగే పద్ధతి ఊరూరా పాకింది. పాలిచ్చే తల్లి పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే రక్తంలో కీటోన్లు, అంటే కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు, పెరిగి ప్రాణం మీదికి వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. బాలింతకి అది పనికిరాదు. పొట్ట తగ్గించే టీలు, పేరు తెలియని పొడులు, ఆకలి చంపే మందులు, ఇప్పుడు వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్లు, పాలిచ్చినన్నాళ్లూ వద్దు. పాలు మాన్పించి మరీ త్వరగా తగ్గుదామనే ఆలోచన కూడా వద్దు. ఉపవాసాలు, శనివారాలు ఒక ఏడాది దేవుడికి చెప్పుకుని వాయిదా వేసుకోండి.

8. ఆరో నెల నుంచి ఏడాది దాకా

బిడ్డకి ఉగ్గు మొదలయ్యాక పాలు కొద్దికొద్దిగా తగ్గుతాయి, మన ఆకలి మాత్రం పాత లెక్కలోనే ఉంటుంది. చాలామంది మళ్లీ పెరిగేది ఇక్కడే. అందులోనూ బిడ్డ వదిలేసిన ఉగ్గు, నెయ్యి వేసిన పప్పన్నం పారేయలేక తల్లి నోట్లో వేసుకుంటుంది. రోజుకి మూడుసార్లు రెండేసి ముద్దలు. బిడ్డకి ఒక్కసారే ఎక్కువ కలపకుండా రెండు చెంచాలు కలిపి, చాలకపోతే మళ్లీ కలపండి. మీ రాత్రి అన్నం పావు వంతు తగ్గించాల్సింది ఇప్పుడే, అయిదో నెలలో కాదు.

ఉద్యోగానికి వెళ్లేవాళ్లకి మన దేశంలో చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవుంది, అది వర్తించే చోట మొత్తం వాడుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్లు మూడు నెలలకే ఆఫీసుకి వెళ్లాలి, అమ్మ వచ్చిన ఆరు నెలల వీసా అయ్యేసరికి ఇల్లంతా ఒక్కసారే మీద పడుతుంది. అమ్మ ఉండగానే ఆమె చేత పచ్చళ్లూ స్వీట్లూ పెట్టించుకునే బదులు, పెసరట్టు పిండి, పప్పు, ఉడికించిన శనగలు డబ్బాల్లో ఫ్రీజర్లో పెట్టుకునే అలవాటు చేసుకోండి. ఒంటరి సాయంత్రాల్లో పిజ్జా బదులు చేతికి అందేవి అవే.

ఎక్కడ ఆగాలి? మీ ఎత్తు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చవేసి, 23తో హెచ్చవేయండి. 155 సెంటీమీటర్లున్నవాళ్లకి 55 కిలోలొస్తుంది. మన దేశపు ఒళ్లకి అది పైహద్దు, నడుం చుట్టుకొలత 80 సెంటీమీటర్ల లోపు. కడుపుతో కాకముందే అంతకన్నా ఎక్కువ ఉన్నవాళ్లు ముందు పాత బరువుకి రండి, తర్వాత సంగతి తర్వాత. మిగిలిపోయిన కిలోలు రెండో కాన్పులో షుగరు, బీపీల రూపంలో వచ్చే ప్రమాదముంది కాబట్టి, మళ్లీ కడుపుతో కావడానికి కనీసం రెండేళ్లు ఎడం పాటించండి.

బిడ్డ మొదటి పుట్టినరోజు వారంలో దారం తీసి కొత్త ముడి వేయండి, కాటా ఎక్కండి, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్, పరగడుపు షుగరు చూపించుకోండి. గర్భంలో షుగరు ఉన్నవాళ్లు ఆ తర్వాత కూడా ఏటా చూపించుకోవాలి. ఇవన్నీ బాగుండి కూడా మూడు నెలలుగా బరువు, దారం రెండూ కదలకపోతే, తిన్నదంతా ఒక వారం పాటు కాగితం మీద రాసుకుని, బిడ్డ నోట్లోంచి మిగిలింది కూడా రాసి, ఆ కాగితంతో డైటీషియన్ దగ్గరికి వెళ్లండి.